ఆకలమ్మ ముట్టని మట్టి

గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటుండగా జగ్గారావు గారు కొండమీంచి ఫోన్ చేశారు.

"మేడంగారూ, ఆకలమ్మ సచ్చిపోనాదండి."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పూర్తిగానా?" అన్నాను.

"పూర్తిగానేనండి. నిన్నటి దాకా కొనూపిరి ఉందేమోనని సూసినాను. ఇయ్యాల పొద్దున్నకి తెల్లగా ఎండిపోయి, ముట్టుకుంటే పొడైపోతంది."

పక్క బల్ల మీద కొత్తగా చేరిన అమ్మాయి నావైపు జాలిగా చూసింది. ఇంట్లో పెద్దావిడ ఎవరో పోయారనుకుని ఉంటుంది. ఆ జాలికి నేను అర్హురాలినే. ఆకలమ్మ మనిషి కాదు, ఒక బూజు. అయితే పదకొండేళ్లపాటు పండగా పబ్బం లేకుండా నేను సాకిన బూజు. ఫైళ్లలో దాని పేరు ఎస్-14. మా ప్రయోగశాలలో ముప్పై ఏళ్ల సర్వీసున్న టెక్నీషియన్ జగ్గారావు గారికి ఆ పేరు నోరు తిరగక కాదు, నచ్చక మార్చారు. దానికి ఎప్పుడూ ఆకలే కాబట్టి ఆకలమ్మ అన్నారు. చివరికి డైరెక్టర్ ఉమాకాంతం గారు కూడా మీటింగుల్లో నాలుక్కరుచుకుంటూ అదే పేరు వాడడం మొదలుపెట్టారు.

దాని ఆకలల్లా సీసం కోసం. మట్టిలో సీసం ఉంటే మూడో రోజుకల్లా ఇటుక రంగు మఖమల్ గుడ్డలా పైకి పొర కడుతుంది. సీసమంతా ఆ పొరలోకి చేరుతుంది. దాన్ని గీకి డబ్బాల్లో ఎత్తుకుపోతే మట్టి శుభ్రం. సీసం లేనిచోట మూడో రోజుకల్లా ఎండి చస్తుంది. ఈ రెండోది మేము కావాలని పెట్టిన కట్టడి. లేకపోతే అది కొండ దిగి ఊళ్లమీద పడుతుందని మా భయం.

దాంట్లో ఒక పెద్ద లోపం ఉంది. మట్టిలో వేళ్లకు సాయం చేసే మంచి బూజులు కొన్ని ఉంటాయి. ఆకలమ్మ తిండి మీద ఉన్నప్పుడు వాటిని బతకనివ్వదు. సీసం పోతుంది, దాంతోపాటు చెట్టూ పోతుంది. మళ్లీ ఆ నేలలో తేయాకు మొక్క నాటుకోవడానికి పద్నాలుగేళ్లు పడుతుందని మా లెక్క. ఆ లోపాన్ని సరిచెయ్యడానికి నేను ఇంకో ఐదేళ్లు అడిగాను. ఇవ్వలేదు. ఎందుకంటే అప్పటికే మంచుమెట్ట కబురు వచ్చేసింది.

మంచుమెట్ట తేయాకు తోట విశాఖ మన్యంలో ఉంది. రెండు వందల ఎకరాలు. దొరల కాలంలో పెట్టిన తోట, ఇప్పుడు నూట నలభై గిరిజన కుటుంబాల సంఘానిది. నాలుగు నెలల కిందట ఆ మట్టి సంచులు అరవై రెండు పరీక్షకు వచ్చాయి. అన్నింట్లోనూ సీసం. తొలి చిగురుతో చేసిన టీ పొట్లం వచ్చింది, అందులోనూ సీసమే. ఇవి చాలవన్నట్టు వైద్య శిబిరం పెట్టి పిల్లల రక్తం చూస్తే పన్నెండుమందికి సీసం తగిలింది. పదకొండుమందికి కొద్దికొద్దిగా, ఒక పాపకి మాత్రం చాలా ఎక్కువగా. దొరల కాలంలో పురుగుకి చల్లిన మందుల విషం ఇన్నాళ్లకి బయటపడిందని అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. వచ్చే సోమవారం తోటంతా ఆకలమ్మను చల్లాలని నిర్ణయమైంది. ముందుగా, మొన్న సోమవారమే, అన్నింటికంటే ఎక్కువ సీసం చూపించిన ఏడో బ్లాకులో ముప్పై చెట్ల కింద చల్లి చూశాం. అక్కడే అది చచ్చిపోయింది.

చెయ్యి కడుక్కుని డైరెక్టర్ గారి గదికి వెళ్లాను.

"మోతాదు సరిపోయుండదు హైమా," అన్నారు ఉమాకాంతం గారు, కళ్లజోడు పైకి తోసుకుంటూ. "మూడింతలు వెయ్యి. సోమవారం తొమ్మిదికల్లా చల్లే యంత్రాలు కొండమీద ఉంటాయి. నేనూ వస్తాను."

"అంత సీసం ఉన్నచోట ఆకలితో చావడమేమిటి సార్?"

"అది నువ్వు చెప్పాలి. పెంచింది నువ్వు."

నిజమే. మూడు సాక్ష్యాలు ఒకే మాట చెబుతున్నప్పుడు తప్పు నా బూజుదే అయ్యుండాలి. పదకొండేళ్ల పని గాలికి పోయిందనుకుంటూ ఇంటికొచ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకున్నాను.

శుక్రవారం ఉదయం జీపులో కొండెక్కాను. తెల్లవారాక ముసురు పట్టింది. ఘాట్ రోడ్డు మీద పది అడుగుల అవతల ఏముందో కనిపించడం లేదు. తోటలోకి వెళ్లేసరికి మబ్బు కాస్త విడింది. ఏడో బ్లాకులో చెట్లు నవనవలాడుతున్నాయి. ఒక్క ఆకు వాడలేదు. వాటి మొదళ్ల చుట్టూ ఎర్రమట్టి మీద తెల్లటి పొడి, ముగ్గు చెదిరినట్టు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ పొడిని చేతిలోకి తీసుకున్నాను.

"ఏటమ్మా, నీ బూజు మా కొండ గాలికి తట్టుకోనేకపోనాదా?"

వెనక సోములమ్మ గారు నిలబడి ఉన్నారు. నెత్తిన గోనెసంచి ముసుగు, నడుముకి కట్టిన రబ్బరు గుడ్డ. అరవై దాటిన మనిషి. ఆకు కోసేవాళ్లకి మేస్త్రి, సంఘానికి అధ్యక్షురాలు. చల్లడానికి ఒప్పుకుంటూ కాగితం మీద మొదటి సంతకం ఆవిడదే. ఆ సంతకం చూసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. పన్నెండేళ్ల వయసు నుంచి తను ఆకు కోసిన చెట్లను చంపమని ఎవరైనా అంత తేలిగ్గా రాసిస్తారా?

"మూడింతలు వేస్తారట. ఈసారి పనిచేస్తుంది," అన్నాను.

"పన్జెయ్యాల. నువ్వు మెత్తబడకు మేడమ్మా. ఈ సెట్లు నాకు పేణమే. కానీ ఈ మట్టి నా మనవరాల్ని తింటంది. పద్నాలుగేళ్లు గడ్డలు తవ్వుకుని తింటాం. పిల్ల బతికితే సాలు."

ఆ ఎక్కువ సీసం ఉన్న పాప ఆవిడ మనవరాలేనని నాకు అప్పుడే తెలిసింది. కాగితాల మీద అది పన్నెండో నెంబరు నమూనా, రీడింగు ముప్పై ఒకటి. ఐదు దాటితేనే జాగ్రత్తపడమంటారు.

"రా, సలిలో నిలబడకు. ఇంటికొచ్చి టీ నీళ్లు తాగు," అంటూ ముందు నడిచారు.

ఇల్లు ఫ్యాక్టరీ వెనక వరసలో మొదటిది. మా సీసాలు పెట్టుకోవడానికి చల్లటి చోటు కావాలంటే ఆవిడ తన అరుగు ఇచ్చారు. జగ్గారావు గారు అక్కడే స్టూలు మీద కూర్చుని, కర్మ చేసినవాడిలా దిగాలుగా ఉన్నారు. సోములమ్మ గారి కూతురు రత్నాలు పాపను ఒళ్లో వేసుకుని ఉగ్గు పెడుతోంది. పాప పేరు నీలవేణి, నీలి అంటారు. పద్నాలుగు నెలలు. ఇంకా నిలబడదు. పిలిస్తే తల తిప్పదు. తిన్నది రోజుకోసారైనా కక్కేస్తుందట.

"ఒకప్పుడు పకపకా నవ్వేది మేడం," అంది రత్నాలు. నేను టీ గ్లాసులోకి చూశాను.

తలెత్తేసరికి ఎదురుగా గుమ్మం. ద్వారబంధం పక్క చెక్క మీద, భుజమంత ఎత్తులో, ఎవరో వేళ్లు తుడిచిన గుర్తులు. ఎన్నో ఏళ్లుగా తుడవగా నారింజ రంగు మరకలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. మనవాళ్లలో చాలామంది ఇళ్లలో ఉండేదే. బొట్టు పెట్టుకున్నాక వేలికి మిగిలింది గుమ్మానికో స్తంభానికో రాసేస్తాం. కానీ ఆ మరకలన్నింటి మధ్య ఒకటి మాత్రం ఇటుక రంగులో ఉంది. దగ్గరకు వెళ్లి చూశాను. దానికి నూగు ఉంది. మఖమల్ గుడ్డలా.

పదకొండేళ్లు పెంచినదాన్ని గుర్తుపట్టడానికి భూతద్దం అక్కర్లేదు. అయినా జగ్గారావు గారి జేబులోంచి లాక్కుని చూశాను.

"జగ్గారావు గారూ, ఇలా రండి."

ఆయన వచ్చి చూసి, నన్ను చూసి, మళ్లీ గుమ్మాన్ని చూశారు. "మన ఆకలమ్మేనండి! బతికే ఉన్నాది! బొద్దుగా ఉన్నాదండి!"

"సోమవారం చల్లాక మీరు ఇక్కడ ఏం చేశారు?" అని సోములమ్మ గారిని అడిగాను.

"ఏటి సేసినాను? నీ బూజు సల్లీసి ఒచ్చి సెయ్యి కడుక్కున్నాను. గోళ్లలో కూసింత ఉండిపోయుంటాది. పాపకి బొట్టెట్టి, మిగిలింది గుమ్మానికి తుడిసీసినాను. ఎప్పుడూ తుడిసేదే."

"ఆ బొట్టు ఏదీ? చూపించండి."

ఆవిడ లోపల్నుంచి చిన్న సొరకాయ బుర్ర తెచ్చారు. మూత తీస్తే లోపల నిగనిగలాడే నారింజ రంగు పొడి. అమ్మవారి రాతికి పూసే సిందూరం. ఏటా సంతలో కొంటారట, ఏడాది పొడవునా ఊళ్లో ఇంటింటా వాడతారట. సిందూరాన్ని పాత పద్ధతిలో సీసాన్ని కాల్చి చేస్తారు. సీసం లేకుండా చేసేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, కానీ సంతలో ఏది ఎవరి చేతికి దొరికిందో ఎవరికి తెలుసు? ఆకలమ్మకి మాత్రం తెలిసింది.

నేను ఆలోచిస్తుండగానే సోములమ్మ గారు అలవాటు కొద్దీ పొడిలో వేలు ముంచి, ఒంగి పాప నుదుట బొట్టు పెట్టారు. నీలి ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుని నోట్లో పెట్టుకుని చీకడం మొదలెట్టింది.

"వద్దు!" అని అరిచాను. గ్లాసు కిందపడింది. రత్నాలు బెదిరిపోయి పాపను గుండెకి అదుముకుంది. నేనే వెళ్లి తడిగుడ్డతో పాప నోరు తుడిచాను, నుదురు తుడిచాను, చేతులు తుడిచాను. అప్పుడు చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు చెప్పాను.

సోములమ్మ గారు తన కుడిచేతి ఉంగరపు వేలిని అలా చూస్తూ ఉండిపోయారు.

"రోజూనమ్మా," అన్నారు. "రోజూ పొద్దున్నే ఈ ఏలితోనే ఎట్టేను. దిష్టి తగలకూడదని అరికాలుకి కూడా ఎట్టేను. ఏలు సీకుతుంటే ముద్దొచ్చి ఊరుకున్నాను. నేనే ఎట్టేనా ఇసం?"

"మీకెవరు చెప్పారు గనక? అమ్మినవాడు చెప్పాడా? చదువుకున్న మేము చెప్పామా? నా నుదుట పెట్టినా నేను పెట్టించుకునేదాన్నే," అన్నాను. అది నిజమే. కానీ ఆవిడకి ఆ మాట ఎక్కినట్టు లేదు.

జగ్గారావు గారు గొంతు సవరించుకున్నారు. "మేడంగారూ, పాప సంగతి తెలిసింది. మరి మట్టిలో సీసం ఎక్కడిదండి? మట్టి బొట్టెట్టుకోదు గదా."

ఆ మాటకి సోములమ్మ గారు తలెత్తారు. కళ్లలో నీళ్లున్నా గొంతులో మేస్త్రి దర్పం వచ్చేసింది.

"ఎట్టుకోకపోడమేటి? మట్టికి బొట్టెట్టకుండా కొండ దింపుతామా?"

"మళ్లీ చెప్పండి," అన్నాను.

ఆవిడ చెప్పారు. ఆడపిల్ల గడప దాటితే బొట్టు పెట్టి పంపుతాం. ఈ కొండ అమ్మవారు. ఆవిడ ఒంట్లోంచి మట్టి తీసి ఎక్కడికో తీసుకుపోతుంటే ఉత్తినే ఎలా పంపుతాం? ఆ రోజు ఆఫీసర్లు అరవై రెండు సంచుల్లో మట్టి నింపించి, ఫ్యాక్టరీలో భోజనాలకి కూర్చున్నారు. ఆడవాళ్లంతా కలిసి ఒక్కో సంచి విప్పి, తలా చిటికెడు సిందూరం వేసి, దండం పెట్టి మళ్లీ కట్టేశారు. తొలి చిగురు టీ పొట్లం సరేసరి, అది ముందు అమ్మవారి పాదాల దగ్గరికి వెళ్లాకే ఎక్కడికైనా వెళ్లేది.

"ఏడో బ్లాకు మట్టికి?"

"అది అమ్మోరి రాయి ఉన్న బ్లాకు గదా. దానికి కొంచిం పెద్ద బొట్టే ఎట్టేం."

ఎర్రమట్టిలో నారింజ పొడి ఎవరి కంటికి కనిపిస్తుంది? మా పరీక్షశాలలో మట్టిని ఎండబెట్టి, జల్లించి, మెత్తగా నూరి మరీ చూస్తారు. అరకిలో మట్టి మీద నేరం మోపడానికి చిటికెడు చాలు. వాళ్లు దాచలేదు. మేము అడగలేదు. అన్నం తిన్నావా అంటే చెప్తారుగానీ అన్నం నోటితోనే తిన్నావా అని ఎవరైనా అడుగుతారా? నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోలేక వానలోకి వెళ్లి నిలబడ్డాను.

తర్వాత ఉమాకాంతం గారికి ఫోన్ చేశాను.

"హైమా, గుమ్మం మీద బూజు చూసి ఆపేయమంటావా? పై ఆఫీసుకి ఏం చెప్పను?"

"గుమ్మం చూసే నమ్మమనడం లేదు సార్. ఇక్కడే పళ్లాలు పెడుతున్నాను. సోమవారం ఉదయానికి తెలిసిపోతుంది."

"తొమ్మిదికి యంత్రాలు చల్లడం మొదలెట్టాక ఆగవు. ఆ లోపల చూపించు." ఫోన్ పెట్టేయబోతూ, "నువ్వు చెప్పింది నిజమైతే మనం ఏం చెయ్యబోయాం హైమా?" అన్నారు.

ఆరు పళ్లాల్లో ఆరు బ్లాకుల నుంచి కొత్తగా తవ్విన మట్టి పోశాం. మూడింటికి సిందూరం, మూడు ఉత్తివి. ఆరింటి మీదా సమానంగా ఆకలమ్మను చల్లి అరుగు మీద వరసగా పెట్టాం. ఉత్తివాటిలో ఒకటి ఏడో బ్లాకుది. మిగిలిన సిందూరాన్ని సీసాలో పెట్టి జగ్గారావు గారు మూత బిగించి, మూత మీద టేపు చుట్టి, టేపు మీద ఇంకో టేపు చుట్టారు.

శనివారం, ఆదివారం ఎంత నెమ్మదిగా గడిచాయో చెప్పలేను. పళ్లాల దగ్గర కూర్చుంటే ఏమీ కనిపించదు, లేచి వెళితే మనసు అక్కడే ఉంటుంది. నీలి నుదురు ఖాళీగా ఉంది. రత్నాలు పాపకి గంటగంటకీ చేతులు కడుగుతోంది. సోములమ్మ గారు ఇంట్లో ఉండలేక ఏడో బ్లాకులో ఒక్కరే చెట్ల మధ్య కూర్చుంటున్నారు. ఆదివారం సాయంత్రం నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఈ వరస సెట్లు మాయమ్మ కోసిన సెట్లు," అన్నారు. "నేను సంతకమెట్టీసినాను. సెట్లు సచ్చేవి. నేను రోజూ బొట్టెడతానే ఉండేదాన్ని. పాప అలగే నీరసించిపోయేది. అప్పుడు ఎవర్ని అడిగేదాన్ని?"

"నన్ను అడిగేవారు. నేను మోతాదు సరిపోలేదని చెప్పేదాన్ని," అన్నాను.

ఆవిడ నావైపు తిరిగి చూశారు. నా మొహంలో ఏం కనిపించిందో, నా చేతిని తన చేతిలోకి తీసుకుని, ఆకు కోసి కోసి మొద్దుబారిన వేళ్లతో గట్టిగా పట్టుకున్నారు. తప్పు చేయబోయినవాళ్లం ఇద్దరం. ఆ కాసేపు నాకు చాలా ధైర్యంగా అనిపించింది.

సోమవారం తెల్లవారాక జగ్గారావు గారు పళ్లాల మీది గుడ్డ తీశారు. అరుగు ముందు తోటవాళ్లు యాభైమంది దాకా చేరారు. సిందూరం వేసిన మూడు పళ్లాలూ ఇటుక రంగులో పొంగి ఉన్నాయి. ఉత్తి మట్టి పళ్లాలు మూడూ తెల్లగా ఎండిపోయాయి. జగ్గారావు గారు ఏడో బ్లాకు పళ్లెం ఎత్తి ఊదారు. పొడి గాలిలోకి లేచిపోయింది.

"ఆకలమ్మ ఈ మట్టి ముట్టలేదండి," అన్నారు అందరివైపు తిరిగి. "తినడానికి ఏటీ నేక ఆకలితో సచ్చిపోనాది. మీ కొండ సుబ్బరంగా ఉన్నాది."

ఎనిమిదిన్నరకే ఉమాకాంతం గారి జీపు వచ్చింది, వెనక యంత్రాలున్న రెండు లారీలు. ఆయన పళ్లాలు చూశారు. గుమ్మం చూశారు. తర్వాత లారీల దగ్గరకు వెళ్లి డ్రైవర్లతో ఏదో చెప్పారు. ఇరుకు దారిలో లారీలు తిప్పడానికి అరగంట పట్టింది. అవి మలుపు దాటి కిందికి దిగిపోయాక, అప్పటిదాకా నోరు మెదపని ఆడవాళ్లంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఎవరు ఏమంటున్నారో తెలియదు. అంత హాయైన గోల నేనెప్పుడూ వినలేదు.

ఇంకో పని మిగిలింది. పై ఆఫీసుకి కొత్తగా మట్టి పంపాలి. సంచులు నింపాం. సోములమ్మ గారు అడ్డంగా నిలబడ్డారు.

"బొట్టు నేకుండా దిగదు."

"అప్పా, మళ్లీ మొదటికొచ్చినావా?" అని జగ్గారావు గారు నెత్తి పట్టుకున్నారు.

ఆవిడ ఆయన్ని పట్టించుకోకుండా పెరట్లోకి వెళ్లి, ముళ్లముళ్లగా ఉన్న ఎర్రటి కాయలు నాలుగు కోసుకొచ్చారు. జాఫ్రా కాయలు. ఒలిచి గింజలు అరచేతిలో నలిపితే చెయ్యంతా ఎర్రబడింది. "సంతలో ఈ పొడి రాకముందు మాయమ్మ దీంతోనే ఎట్టేది. తేలిగ్గా దొరుకుతంది గదాని నేనే మాన్పించీసినాను," అన్నారు. ఆ రంగుతో సంచుల మీద బయటే, గుడ్డ మీదే బొట్లు పెట్టారు. చివర్లో నా నుదుట కూడా పెట్టారు. నేను కదలకుండా నిలబడ్డాను.

ఆ మట్టిలో సీసం లేదని పదిరోజులకి కాగితం వచ్చింది. నీలిని విశాఖ ఆసుపత్రిలో చూపించాం. నోట్లోకి వెళ్లడం ఆగింది కాబట్టి మెల్లగా తగ్గుతుందని, మందులూ తిండీ సరిగ్గా చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. ముప్పై ఒకటి మూడు నెలలకి పంతొమ్మిదయింది. ఆరు నెలలకి పదకొండు. పోయిన నెలల ఆట పాట మొత్తం తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనందావిడ. ఆ మాట దగ్గర మాత్రం మా అందరి సంతోషమూ కాస్త తగ్గుతుంది. సోములమ్మ గారు ఇప్పటికీ ఉంగరపు వేలు మడిచే పాపను ఎత్తుకుంటారు.

ఇక నా ఆకలమ్మ. తోటలు శుభ్రం చెయ్యడానికి పుట్టించాను. అది పనికిరాకపోయినందుకు నేనింత సంబరపడతానని పదకొండేళ్ల కిందట ఎవరైనా అంటే కోపమొచ్చేది. ఇప్పుడు దాన్ని చిన్న చిన్న గాజు గొట్టాల్లో పెట్టి మన్యంలోని ఆడవాళ్లకి పంపుతున్నాం. సంతలో కొన్న సిందూరం, పసుపు, పిల్లల ఆటబొమ్మల రంగు, ఏదైనా సరే కొంచెం గీకి దాని మీద వేస్తారు. మూడు రోజులు చూస్తారు. సిందూరం అమ్మేవాళ్లు మంచుమెట్ట ఆడవాళ్లను చూస్తే సంచులు సర్దుకుంటున్నారని జగ్గారావు గారు చెబుతుంటారు. ఆయన రిటైరయ్యారు, అయినా వారానికోసారి వచ్చి గొట్టాలు సర్దిపోతారు.

మొన్న క్యాంటీన్‌లో మళ్లీ పెరుగన్నం కలుపుతుండగా ఫోన్ మోగింది. సోములమ్మ గారు. అరుపులు, నవ్వులు, వెనకాల ఏదో గిన్నె దొర్లుతున్న చప్పుడు.

"మేడమ్మా! మొన్న గుమ్మం సెక్క మార్పించీసినాను గదా. కొత్త సెక్కకి జాఫ్రా బొట్టెట్టి, పక్కన నీ ఆకలమ్మనెట్టేను. ఇయ్యాలకి మూడో రోజు."

"ఏమైంది?"

"సచ్చిపోనాదమ్మా! తెల్లగా ఎండిపోనాది! ఊదితే ఎగిరిపోనాది!"

వెనక ఆ గిన్నె చప్పుడు ఇంకా దగ్గరకొచ్చింది. "ఒసే, ఆగవే, పడిపోతావు," అంది రత్నాలు గొంతు.

"ఎవరది?" అన్నాను.

"ఇంకెవులు? నీలి. నాలుగు రోజుల్నించి ఇంట్లో ఒక్క గిన్ని సోటుమీద ఉంటే ఒట్టు. కుండలు తన్నుకుంటా నడిసీసి పోతంది."

పక్క బల్ల మీది అమ్మాయి నా కళ్లలో నీళ్లు చూసి ఈసారి లేచి వచ్చింది. "ఎవరైనా పోయారా మేడం?" అని మెల్లగా అడిగింది.

"ఆకలమ్మ పోయిందమ్మా," అన్నాను. "కూర్చో. స్వీటు తెప్పిస్తాను."